రెండు స్టూళ్లూ ఒకే వైపు

"మీ తాత లెగనేదే అమ్మీ" అంది ఫోన్లో మామ్మ. పొద్దున్నే టీ పెట్టి పిలిచిందట, పలకలేదట. చేతిలో చాట అక్కడే పడేసి నేను పరుగెత్తేసరికి, పాస్టరుగారి కంటే ముందే ఫ్లెక్సీ వేసేవాడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, మంచి ఫొటో ఏదైనా ఉందా అంటూ.

ఆ ఫ్లెక్సీ మీద ఏం రాశారో తర్వాత చెప్తాను. ముందు ఆయన ఎవరో చెప్పాలి. మేము సుబేదారు తాతగారు అనేవాళ్లం, ఆయన భార్యని మామ్మ అనేవాళ్లం. చుట్టం కాదు, నౌపడలో మా వీధి చివర ఇల్లు. సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరై, మా చర్చిలో సంఘపెద్దగా ఉండేవారు. మా వైపు సైన్యానికి కొడుకుని పంపని వీధి ఉండదు. వెళ్లేటప్పుడు దండలేసి, స్టేషన్ దాకా వెళ్లి సాగనంపుతాం. తిరిగొచ్చినవాడికి నిద్ర పడుతోందా అని అడిగేవాళ్లు మాత్రం ఉండరు. ఆయన అడిగేవారు.

మా ఆయనా జవానే. సరిహద్దులో గస్తీ తిరుగుతుండగా పక్కన నడుస్తున్న స్నేహితుడు పోయాడు. మా ఆయన సెలవు మీద ఇంటికొచ్చాడు. తిండి లేదు, నిద్ర లేదు. గోడకి వీపు ఆనించి కూర్చుని తలుపు వైపే చూసేవాడు. పిల్ల దగ్గరికెళ్తే కసురుకునేవాడు. "నాను బతికుండి ఏటి లాభం" అన్నాడు ఓసారి అన్నం పళ్లెం ముందు కూర్చుని.

ఆ ఆదివారం యూనిఫాం వేసుకుని చర్చికి రమ్మని పాస్టరుగారు కబురు పెట్టారు. సాక్ష్యం చెప్పాలట. అంటే దేవుడు తనకు చేసిన మేలు అందరి ముందూ నిలబడి చెప్పడం. "దేవుడు నిన్ను ఎలా తప్పించాడో చెప్పు బాబూ" అని మైకు చేతిలో పెట్టారు. మా ఆయన అడిగాడు.

"నన్ను తప్పించినోడు ఆడినెందుకు తప్పించనేదు పాస్టరుగారూ?"

పాస్టరుగారు డోలక్ వైపు సైగ చేశారు. పాట ఎత్తుకున్నారు. మా ఆయన పెదాలు ఇంకా కదులుతున్నాయి, ఏమంటున్నాడో పక్కన ఉన్న నాకే వినిపించలేదు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆ చప్పట్లు నేను చచ్చేదాకా మర్చిపోను. తర్వాత కొందరు విశ్వాసం తగ్గిందన్నారు, కొందరు దురాత్మ పట్టిందన్నారు. ఉపవాస ప్రార్థన పెట్టించమన్నారు. అప్పటికే తిండి మానేసిన మనిషికి ఉపవాసమట!

మర్నాడు తాతగారొచ్చారు. చంకలో బైబిలుంది గానీ తెరవలేదు. "అమ్మీ, రెండు స్టూళ్లు ఎయ్యి. ఎదురెదురుగా కాదు, రెండూ ఉప్పుమళ్ల వైపే ఎయ్యి. ఎదురుగా కూకుంటే పోలీసోళ్లు అడిగినట్టుంటాది" అన్నారు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, మా వాకిటికి ఎదురుగా ఉప్పు పండించే మళ్లలోని కుప్పలు చూశారు. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. ప్రార్థన లేదు, వాక్యం లేదు, ఏం ఉద్ధరిస్తున్నాడీ ముసలాయన అనుకున్నాను. వెళ్లేటప్పుడు మాత్రం "ఆడేటి తిన్నాడు? నువ్వేటి తిన్నావు?" అని అడిగేవారు. ఉండబట్టలేక అడిగేశాను, వాక్యం ఎప్పుడు చెప్తారని.

"సచ్చిపోతాను దేవుడా అని సెట్టు కింద తొంగున్న పెవక్తకి దేవుడు ముందు వాక్యం సెప్పేడేటి? రొట్టి ఎట్టేడు, మళ్లీ తొంగోనిచ్చేడు. దేవుడికి నేని తొందర నీకెందుకే?"

ఒక సాయంత్రం వాకిట్లోంచి అరుపు వినిపించింది. మా ఆయన దేవుణ్ణి తిడుతున్నాడు. నేను హడలిపోయి బయటికొచ్చేసరికి తాతగారు బైబిలు తెరిచి మా ఆయన ఒళ్లో పెడుతున్నారు. "సదువు. ఎందుకిలా సేసేవని నీకంటే ముందే ఒకడు అడిగేడు. ఆ మాట దేవుడు ఇందులోంచి తీసెయ్యనేదు, దాసి ఉంచేడు. తీసేసింది మన సంగపోళ్లు. ఏడుపొస్తే ఏడువు, కోపమొస్తే ఆయన మొకమ్మీదే అడుగు." మా ఆయన చదవలేకపోయాడు. తాతగారే చదివారు, మెల్లగా, పాఠం చెప్తున్నట్టు కాకుండా.

డాక్టరు దగ్గరికి విశాఖపట్నం తీసుకెళ్లిందీ ఆయనే. మాత్రలు మింగితే విశ్వాసం లేనట్టేనని ఓ సంఘపెద్ద అంటే, "నీ కళ్లజోడు ఇలాగిచ్చి ఇంటికెళ్లు, నీ విశ్వాసం ఎంతుందో సూద్దాం" అన్నారు. నాతో ఒక మాట విడిగా చెప్పారు. "ఆడు సెయ్యెత్తితే మాత్రం ఓర్సుకోకే అమ్మీ. పిల్లనట్టుకుని మా ఇంటికొచ్చీ. తన్నులు తినమని దేవుడెక్కడా సెప్పనేదు." ఈ మాట మా సంఘంలో ఏ మగాడి నోటా నేను మళ్లీ వినలేదు.

మా ఆయన నిలబడ్డాడు. పూర్తిగా కాదు, బతకడానికి సరిపోయేంత. ఇప్పుడు సైన్యం నుంచి వచ్చేసి భోగాపురం ఎయిర్‌పోర్టు దగ్గర సెక్యూరిటీ పని చేస్తున్నాడు. మమ్మల్ని చూసి తాతగారి దగ్గరికి ఇంకొందరొచ్చారు. ఫైర్ స్టేషన్లో పనిచేసే ఆయన, అంబులెన్సు నడిపే ఆయన, వాళ్ల భార్యలు. శనివారాలు చర్చి వెనక గదిలో కూర్చునేవాళ్లం. అక్కడ ఏడ్చినా పాటతో ఎవరూ నోరు మూయించేవాళ్లు కాదు. అదే కొంప ముంచింది. ఏడుపులగది అని పేరు పెట్టి, సంఘం పరువు పోతోందని ఓ సంఘపెద్ద తాళం వేసేశాడు. తాతగారిని పెద్దరికం నుంచి తీసేశారు. ఆయన స్టూళ్లు మోసుకెళ్లి తన వరండాలో వేసుకున్నారు, ఉప్పుమళ్ల వైపే. ఆయన క్షమించారేమో. నేను క్షమించలేదు.

మొన్న చర్చిలో తాతగారి కోసం ఆదరణ కూడిక పెట్టారు, పోయినవాళ్ల ఇంటివాళ్లని ఓదార్చడానికి పెట్టేది. ఫ్లెక్సీ మీద 'సైనికుల ఆత్మీయ తండ్రి' అని బంగారు రంగులో రాశారు. గదికి తాళం వేసినాయనే దండ వేశాడు. ఒక్కొక్కరూ మైకు పట్టుకుని తాతగారిని పొగుడుతున్నారు. మామ్మని ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు, చెవి పక్కనే సౌండు బాక్సు. అటూ ఇటూ కుర్చీలు ఖాళీ. పేరుకి ఆదరణ కూడిక, ఆదరించాల్సిన మనిషి పక్కన ఒక్కరూ లేరు.

"ఇప్పుడు మన జవాను సాక్ష్యం" అన్నారు పాస్టరుగారు.

మా ఆయన లేచాడు. మైకు దాటి వెళ్లిపోయి, మామ్మ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడకి ఎదురుగా కాదు, ఆవిడ చూస్తున్న వైపే చూస్తూ. తర్వాత మామ్మ నోరు విప్పింది.

"మీ సుబేదారు సాబు పెళ్లైన కాడ్నించి దీపమార్పి తొంగోనేదు బాబూ..."

పాస్టరుగారు డోలక్ వైపు సైగ చేశారు. పాట మొదలైంది. మా ఆయన లేచి సౌండు బాక్సు తీగ పీకేశాడు. చప్పట్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు.

"సెప్పు మామ్మా" అన్నాడు.

"అర్దరేతిరి లెగిసి ఎవరివో పేర్లు పిలిసీవోరు. ఎవరయ్యా అంటే, తొంగో అనీవోరు. ఊరందరి మాటా ఇన్నారు. ఆరి మాట ఇందామని ఒక్కడూ రానేదు బాబూ."

మైకు లేకపోయినా ఆ మాట వెనక వరస దాకా వినిపించింది. ఎవరూ పాట ఎత్తుకోలేదు. మామ్మ చెప్తూనే ఉంది. మా ఆయన తలవంచి వింటున్నాడు, రెండు కుర్చీలూ ఒకే వైపు.