మహబూబ్ ఘాట్ దిగుడులో ఇంజన్ బంద్

మనవరాలి ఇరవయ్యొకటో దినం పండుగ అయిపోయింది. కూతురు లావణ్యను, పసిపాపను కరీంనగర్‌లోని మా ఇంటికి తీసుకురావాలి. ఉదయం ఎనిమిదింటికి ఆదిలాబాద్‌లోని అల్లుడింటి నుంచి కారులో బయలుదేరాం. నా పక్క సీటు నిండా సంచులు. వెనుక లావణ్య, ఆమె ఒడిలో పాప, పక్కన నా భార్య సుజాత.

నేరడిగొండలో చాయ్ తాగాం. కప్పు పదిహేను రూపాయలు, అల్లం బాగా వేశాడు. అక్కడే సుజాత అడిగింది: "పెద్ద రోడ్డు మీద ఏమున్నది, లారీల వీపులు తప్ప? పాత ఘాట్ మీదికెళ్లి పోదాం. పిల్లకు గూడ అడివి సూపిద్దాం."

"దానికింకా సూపే ఆనదు అవ్వా," అని లావణ్య తల్లిని చూసి నవ్వింది.

హైవే కంటే పాత మహబూబ్ ఘాట్ రోడ్డుకు అరగంట ఎక్కువ పడుతుంది. ఆ అరగంట దండగ కాదు. వానలు వెలిసిన కొత్త కావడంతో టేకుచెట్లు నిండా ఆకేసి ఉన్నాయి. పిట్టగోడల మీద కోతులు, వాటి వెనుక లోయ.

ఆదిలాబాద్‌కు పోయేటప్పుడు ఎక్కుడులో బండి ఎంత పెట్రోలు తాగిందో మీటరులో చూశాను. అదే తలలో తిరుగుతోంది. దిగుడులో బండి తన బరువుకు తానే పోతుంది కదా, ఇంజన్ ఎందుకు? న్యూట్రల్ చేసి ఆపేశాను. మొదటి మలుపు హాయిగా తిరిగాం.

"ఎంత నిమ్మళంగున్నది!" అంది సుజాత.

రెండో మలుపులో బ్రేకు బిగిసింది. మళ్లీ తొక్కితే కాలి కింద బండరాయిని తొక్కినట్టే ఉంది. స్టీరింగ్ తిరగనంది. ఎదురుగా పిట్టగోడ, దాని అవతల ఏమీ లేదు. బలమంతా పెట్టి స్టీరింగ్‌ను కొండవైపు గుంజాను, హ్యాండ్‌బ్రేకు లాగాను. ఎడమ చక్రాలు కాలువలోకి దిగాయి. మట్టిగట్టును గుద్దుకుని ఆగాం.

రోడ్డు పక్కన సీతాఫలాలమ్మే ముసలామె బుట్ట వదిలి ఉరికొచ్చింది. "ఏం తమ్మీ, కోతులకు బండి అమ్ముదామనుకున్నవా?" అంటూ లోపలికి తొంగిచూసి, పాప కనబడగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పాప నిద్రలోనే ఉంది.

"బ్రేకులు ఫెయిలైనయ్," అన్నాను.

సుజాత నెత్తి కొట్టుకుంది. "నేనే గీ తొవ్వకు రమ్మన్న. పసిగుడ్డును పట్టుకొని, నాకేం పోయేకాలం!"

లావణ్య నన్నే చూస్తోంది. "బాపూ, ఇంజన్ సప్పుడు ఎందుకు రాలే?"

"మీ అవ్వ తప్పు లేదు బిడ్డా. నేనే బంద్ జేసిన. పెట్రోల్ మిగుల్తదని."

"ఎంత మిగిలింది?"

"గ్లాసెడు."

దారిన పోయేవాళ్లు బండిని కాలువలోంచి తోసి లేపితే, ఇంజన్ వేసుకుని మెల్లగా నిర్మల్ చేరాం. అక్కడ మెకానిక్ చూశాడు. బ్రేకులు బాగానే ఉన్నాయి. ఇంజన్ నడుస్తుంటేనే అవి మెత్తగా పడతాయట, స్టీరింగ్ కూడా అప్పుడే తేలిగ్గా తిరుగుతుందట. మెట్‌పల్లిలో ఇంజన్ ఆపకుండానే ఇడ్లీ పొట్లం కట్టించాను.

ఆ రోడ్డు మీద తప్పకుండా వెళ్లండి. అంత చక్కటి తొవ్వ మా వైపు నేను చూడలేదు. ఇంజన్ ఆపకుండా, రెండో గేరులో దిగండి.

జగిత్యాల దాటినా సుజాత వెనుక నుంచి అడుగుతూనే ఉంది: "ఇంజన్ నడుస్తున్నదా?" నడుస్తున్నదనే చెబుతూ వచ్చాను. మధ్యాహ్నం ఇంటిముందు తాళంచెవి తిప్పాను. ఒక్కసారిగా నిశ్శబ్దం. సుజాత చేయి నా భుజాన్ని గట్టిగా పట్టుకుంది. గట్టును గుద్దినా లేవని పాప అప్పుడు లేచి ఏడ్చింది.