పంతొమ్మిదో మనిషి

లైల్ నోస్కీ చేతులు కెప్టెన్ చీలమండ చుట్టూ తెల్ల టేపు చుడుతున్నాయి. అరికాలి కింద నుంచి పైకి, మళ్ళీ మడమ వెనక నుంచి ముందుకి, ఎక్కడా ముడత పడకుండా. బల్ల మీద కూర్చుని కాలు చాపిన గ్రాంట్లీ మొహం చిట్లించాడు.

"బిగుతుగా ఉందా?" అన్నాడు లైల్.

"వేళ్ళు ఊడిపోయేలా ఉంది కోచ్."

"అయితే సరిగ్గానే పడింది. దిగు."

బయట మైదానం చుట్టూ కార్లు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. ఆట మొదలవకుండానే హారన్లు మోగుతున్నాయి. తమ ఊరు కల్లింగాకీ పక్కూరు విర్రబీన్‌కీ ఫైనల్ అంటే ఆ పూట గోధుమ చేలలో ట్రాక్టర్ కదలదు, చర్చి ముందు కుక్క కూడా ఉండదు.

లైల్‌కి మాత్రం ఆ రోజు మీద ఇంకో బరువుంది. క్లబ్ పెద్ద మెర్విన్ గురువారం నాడు మొహం మీదే చెప్పేశాడు: "నీ మీద కోపం కాదు లైల్. నువ్వు నేర్పే ఆట ఎవరికీ అర్థం కావట్లేదు. శనివారం గెలిస్తే సరే. లేదంటే వచ్చే ఏడు అడిలైడ్ నుంచి ఒకాయన్ని తెస్తున్నాం."

ఆ ఆటేమిటో చెప్పాలంటే లైల్ ఆడిన రోజుల్లోకి వెళ్ళాలి. ఈ ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తోనూ పట్టొచ్చు; పొడుగువాళ్ళు పక్కవాడి భుజాల మీదికి ఎగిరి మరీ బంతి పట్టుకుంటారు, పేపర్లో ఫొటోలు వాళ్ళవే పడతాయి. లైల్ పొట్టివాడు. గాలిలో బంతి అతనికి ఎప్పుడూ చిక్కలేదు. అందుకని వేరే పని పట్టుకున్నాడు. తన జట్టువాడు ఎవడైనా చోటు వదిలి బంతి కోసం పరిగెత్తితే, లైల్ వెళ్ళి ఆ ఖాళీలో నిలబడేవాడు. కిందపడిన బంతి దొర్లుకుంటూ తిన్నగా అక్కడికే వచ్చేది. "నోస్కీగాడి అదృష్టం" అనేవారు జనం. అదృష్టం కాదని అతనికి తెలుసు. పొద్దున లేస్తే గొర్రెలు తోలే తన రెండు కుక్కలూ చేసేది అదే. ఒకటి కుడికి దూకితే రెండోది చెప్పకుండానే దాని చోట్లోకి జారుతుంది. మందకి ఎటు చూసినా కుక్కే కనిపిస్తుంది.

మోకాలు పాడై ఆట మానేశాక కోచ్ పని అతనికి అప్పజెప్పారు. మొదటి నెలంతా బంతి ముట్టనివ్వలేదు. చోటు వదిలేవాడు "సందు!" అని అరవాలి. దగ్గరున్నవాడు ఆ సందు పూడ్చాలి. వాడి సందు మరొకడు పూడ్చాలి. అలా మైదానంలో ఉండే పద్దెనిమిది మందీ గాలికి ఊగే చేనులా కదలాలి.

"ఇది ఫుట్‌బాలా, గొర్రెల మేపా?" అని రోలీ అనే చిలిపివాడు నాలుగు కాళ్ళ మీద వంగి "మే..." అని అరిచాడు. జట్టంతా పడీపడీ నవ్వింది.

"బాగా అరిచావు. ఇప్పుడు పరిగెత్తు" అన్నాడు లైల్.

వరసగా ఓడారు. బార్‌లో లైల్ వస్తుంటే "మే" అనేవాళ్ళు. జూలైలో ఓ సాయంత్రం మాత్రం, ఎవడూ అరవకుండానే, కంటిచూపుతోనే సందులు పూడటం మొదలైంది. లైల్ ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచి నిలబడిపోయాడు. ఆ తరవాత ఓడింది తక్కువ.

ఫైనల్లో ఆట ఆఖరి పావు భాగం నడుస్తోంది. కల్లింగా రెండే పాయింట్లు ముందుంది. పసుపు చొక్కాలు పుట్టలోంచి చీమల్లా ఎక్కడ చూస్తే అక్కడ! విర్రబీన్ వాళ్ళు తన్నిన ప్రతి బంతికీ ఒకడు అడ్డం. బంతి ఎడమకి పోతే ఎడమన ఇద్దరు, కుడికి తిప్పితే కుడిన ఇద్దరు. "పూడ్చండిరా, పూడ్చండి!" అని కార్లలోంచి ముసలమ్మలు కూడా అరుస్తున్నారు. ఆ మాట ఊరికి ఎప్పుడు అంటుకుందో లైల్‌కే తెలీదు.

అప్పుడు విర్రబీన్ కెప్టెన్ ర్యాంకిన్ రెండు చేతులూ పైకెత్తి అంపైర్ దగ్గరికి ఉరికాడు.

"తలలు లెక్కపెట్టండి! పంతొమ్మిది మంది ఆడుతున్నారు!"

ఈల మోగింది. హారన్లు టక్కున ఆగాయి. అరుదుగా పడే లెక్క అది. పంతొమ్మిదో మనిషి దొరికితే కల్లింగా మొదటి నుంచి చేసిన స్కోరంతా కొట్టేస్తారు. దొరక్కపోతే లెక్క అడిగిన జట్టుకి శిక్ష.

లైల్ బదులు ఆటగాళ్ళ బెంచీ వైపు తిరిగాడు. అక్కడ ముగ్గురుండాలి. ఇద్దరే ఉన్నారు. ఇప్పుడే కదా రోలీని తీసేసి ఇంకొకణ్ణి లోపలికి పంపాడు!

"ఒరేయ్ డడ్లీ! రోలీని రమ్మని చెప్పావా లేదా?"

మైదానంలోకి కబుర్లు మోసే డడ్లీ లైల్ భార్యకి తమ్ముడు. ఒగరుస్తూ, "చెప్పాను బావా! చెవిలో అరిచాను!" అన్నాడు.

"మరి ఏడీ?"

"నా జేబులో లేడు!"

రెండు జట్లూ మైదానం మధ్యలో బారు తీరాయి. అంపైర్ ఒక్కొక్క పసుపు భుజం మీదా చెయ్యి వేస్తూ నడుస్తున్నాడు. లైల్ పెదాలు అతనితో పాటే కదిలాయి. పదహారు. పదిహేడు. పద్దెనిమిది. అంపైర్ చెయ్యి ముందుకి చాచాడు, అక్కడ భుజం లేదు. నమ్మలేక వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ పద్దెనిమిదే!

"రోలీ!" అని డడ్లీ కేక పెట్టి అవతలి గట్టు చూపించాడు. కాలు మడతపడిన రోలీ బెంచీదాకా రాకుండా, తనకి దగ్గర్లో ఉన్న గట్టు దాటి వెళ్ళిపోయి, వాళ్ళమ్మ కారు బానెట్ మీద కూర్చున్నాడు. ఒక చేత్తో చీలమండకి ఐసు, ఇంకో చేతిలో మాంసం కూరిన రొట్టె.

"ఏంటి, అందరూ నన్నే చూస్తున్నారు?" అన్నాడు నిండు నోటితో.

ఇక హారన్లకి పట్టపగ్గాల్లేవు. శిక్షగా అంపైర్ బంతిని గ్రాంట్లీకిచ్చి గోలు కర్రల ముందుదాకా నడిపించాడు. గ్రాంట్లీ నాలుగడుగులు వేసి తన్నాడు. బంతి రెండు పొడుగు కర్రల నడిమధ్య నుంచి దూసుకుపోయి వెనకున్న ట్రక్కు అద్దానికి తగిలింది. ట్రక్కువాడు దిగి గంతులేశాడు! విర్రబీన్ ఇంకా మూడుసార్లు మీదికొచ్చింది, మూడుసార్లూ సందు దొరకలేదు. ఆట ముగిసిందని సైరన్ మోగేసరికి లైల్ గొంతు పూర్తిగా పోయింది.

ర్యాంకిన్ బురద చేతులతోనే వచ్చాడు.

"లైల్ అన్నా, ఒట్టు. ఎటు తిరిగినా ఒకడు ఎక్కువున్నాడు. నేను నాలుగుసార్లు లెక్కపెట్టాను."

"నాకూ ఉన్నాడనే అనిపించిందిరా" అన్నాడు లైల్ బొంగురుగా. ఇద్దరూ ఒకరి భుజాలొకరు పట్టుకుని నవ్వారు.

మెర్విన్ కప్పు పట్టుకుని వచ్చాడు. కళ్ళు తుడుచుకుంటూ, "ఆ అడిలైడ్ ఆయనకి రేపు ఫోన్ చేసి వద్దంటాను. పెద్దవాణ్ణి, నా మాట మరిచిపో" అన్నాడు.

"ముందు అది ఇటివ్వు పెద్దాయనా. కుర్రాళ్ళు చలికి వణుకుతున్నారు."

లైల్ కప్పు అందుకుని ఒక్క క్షణం బరువు చూశాడు. తరవాత తిన్నగా నడిచి గ్రాంట్లీ రెండు చేతుల్లోనూ పెట్టాడు. వాడు గట్టిగా పట్టుకున్నాడని తెలిశాక వదిలాడు.