మాట లేని ముసలమ్మ

నాటక సమాజంలో అందరూ ఆమెను గుసగుసక్క అంటారు. తెర పక్కన స్టూలేసుకుని, ఒళ్లో నాటకం ప్రతి పెట్టుకుని, నటులు మాట మరిచిపోతే మెల్లగా అందించడం ఆమె పని. చిన్నప్పుడు ఆగిపోయిన చదువును యాభై దాటాక సాయంకాలం కాలేజీలో మళ్లీ పట్టుకుంది. డిగ్రీకి మిగిలింది ఒక్క వ్యాసం. ఏదైనా నాటకాన్ని విశ్లేషించాలి. గట్టెక్కకపోతే ఇంకో ఏడాది.

"నాకు నాటకమా? చేపకు ఈత నేర్పినట్టే!" అని, తాము ఆడుతున్నదాని మీదే రాసేసింది. అందులో కొడుకు ఇల్లు అమ్ముతానంటాడు, కోడలు వద్దంటుంది. వాళ్ల వాదనంతా పోగు పోగుగా విప్పింది.

ఆమె కొడుకు వయసున్న లెక్చరర్ ఆ నాటకం చూసినవాడే. "బాగా రాశారమ్మా. మరి ముసలమ్మ ఏదండీ?"

"ఏ ముసలమ్మ సార్?"

"మొదట్నుంచీ చివరిదాకా కుర్చీలో కూర్చుంటుందే, వాళ్లమ్మ!"

ఆ వేషం కట్టేది రోజూ అక్కతో కలిసి టీ తాగే నటే. కానీ ఆ పాత్రకు ఒక్క మాటా లేదు, కాబట్టి అందించాల్సిందీ లేదు. ప్రతి మీంచి కళ్లెత్తితే వరస తప్పుతుందని, వేదిక మీద ఆవిడ ఏం చేస్తుందో అక్క ఏనాడూ చూడలేదు.

"ఒక పేరా అతికించండి, పాస్ చేసేస్తాను."

"చూడకుండా అతికిస్తే ఊడొస్తుంది సార్. ఆదివారం చూసి, సోమవారం ఇస్తాను."

ఆమె భర్త ఆ సమాజానికే సెట్లు కట్టే వడ్రంగి. పడీ పడీ నవ్వాడు. "అంతా కంఠతా వచ్చన్నావు, ఎదురుగా ఉన్న మనిషి కనబడలేదూ?"

"ఎకసెక్కాలు చాలు. ఆదివారం నా స్టూలు మీద నువ్వు కూర్చో."

ఆదివారం ఆమె జనంలో కూర్చుంది. రెండో అంకంలో కొడుకు వేషగాడు మాట మరిచిపోయాడు. తెర పక్కనుంచి ఉలుకూ పలుకూ లేదు. వడ్రంగి పేజీ పోగొట్టుకున్నాడు. అక్కకు మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టింది. ముసలమ్మ తొణక్కుండా లేచి, కొడుకు చేతికి మంచినీళ్ల గ్లాసిచ్చి, వీపు నిమిరింది. అతను తాగాడు. మాట దొరికింది. అదీ నాటకమే అనుకున్నారు జనం.

మర్నాడు పొద్దున్నే అక్క మొత్తం తిరగరాసింది. మొదటి వాక్యం: "ఈ నాటకం పడిపోకుండా పట్టుకున్నది నేనేనని ఇన్నాళ్లూ అనుకున్నాను."

పాసయింది.

"నేను పేజీ పోగొట్టబట్టే కదా నీకు డిగ్రీ!" అన్నాడు వడ్రంగి.

"అందుకే, మళ్లీ నా ప్రతి జోలికి రాకు," అంది. అని, ముసలమ్మ కుర్చీ కనబడేలా తన స్టూలును ఓ అడుగు ముందుకు జరిపించుకుంది.