ఎనిమిదో రీలు

మొన్న మంగళవారం పొద్దున ఛత్రినాకలో బస్సెక్కాను. పక్క సీటులోని అమ్మాయి కిటికీలోంచి ఫోన్‌తో ఫోటోలు తీస్తూ కూర్చుంది. అఫ్జల్‌గంజ్ దగ్గర పడేలోగా నలభై ఒకటి తీసింది. లెక్కపెట్టడం నా అలవాటు. మా ఇంట్లోవాళ్ళు దాన్ని జబ్బంటారు. దిగే ముందు ఆమె వేలితో ఒక్కొక్కటీ పక్కకు తోస్తూ ముప్పై ఎనిమిదింటిని చెరిపేసింది. సంచిలో దుమ్ము దులుపుకున్నంత తేలిగ్గా చెరిపేసింది. నేను మాత్రం దిగాల్సిన చోట దిగడం మరిచిపోయాను. డెబ్బై నాలుగేళ్ళ మనిషికి ఇంత చిన్న విషయానికి ఎందుకలా అయిందో చెప్పాలంటే, రీలుకు ముప్పై ఆరే ఫోటోలు వచ్చే రోజులకు పోవాలి.

మా ఆయనకు లాల్‌దర్వాజ దగ్గర చిన్న స్టూడియో ఉండేది. పరదా పాటించే ఇళ్ళలో పెళ్లైతే ఆడవాళ్ళ వైపు మగ ఫోటోగ్రాఫర్ అడుగు పెట్టడానికి లేదు. ఆ పని కోసమే ఆయన నాకు కెమెరా నేర్పాడు. ఏడాది తిరిగేసరికి ఆయనకంటే నాకే పిలుపులు ఎక్కువయ్యాయి. ఆ సంగతి ఆయన అందరికీ సంతోషంగానే చెప్పేవాడు, చెప్పేటప్పుడు కొంచెం దగ్గేవాడు, అంతే. ఆ ఇళ్ళ పనికి షరతులుండేవి. రీళ్ళు నేనే కడగాలి, ఫోటోలు నేనే అచ్చు వెయ్యాలి, నెగటివ్‌లతో సహా అన్నీ ఇంటి పెద్దామెకు లెక్కపెట్టి అప్పజెప్పాలి. మా దగ్గర ఒక్క ముక్క మిగలకూడదు. ఎవరిని ఎలా తీశానో కాగితం మీద రాసుకోకూడదు కూడా. బస్సెక్కిన టైము సైతం పుస్తకంలో రాసుకునే నాకు ఈ చివరి షరతే కష్టంగా ఉండేది.

నాకొక సరదా ఉండేది. పెళ్లిలో చివరి రీలు ఎప్పుడూ పూర్తిగా వాడేదాన్ని కాదు. నాలుగు మిగుల్చుకుని, ఇంటికి వచ్చే దారిలో నా కోసం తీసుకుని, కడిగాక ఆ ముక్క కత్తిరించి ఉంచుకునేదాన్ని. ఆటో వెనక సీట్లో మేక, దాని మెడ మీద చెయ్యేసుకుని ఒక ముసలాయన, ఇద్దరూ ముందుకే చూస్తూ. సైకిల్‌కు వేలాడుతున్న పదహారు బిందెలు. దబీర్‌పురా స్టేషన్‌లో రైలు వెళ్ళిపోయాక కూడా చెయ్యి ఊపుతూనే ఉన్న పెద్దాయన. ఎవరూ అడగని ఫోటోలు, ఎవరికీ ఇవ్వనక్కర్లేనివి. మా ఆయన వాటిని చూసి "గివి ఎవలు కొంటరు?" అనేవాడు. ఎవరూ కొనరనే అవి నాకు ఇష్టం.

ఆ శుక్రవారం పెళ్లి దబీర్‌పురాలో. మా నాయన మా బర్రెల పాలు చాలా ఏళ్ళు ఆ ఇంటికి పోశాడు కాబట్టి, నన్ను కొత్తమనిషిలా చూడలేదు. నిఖా ముందురోజే అయిపోయింది, ఆరోజు అప్పగింతలు. పెళ్లికూతురు సాయంత్రం ఆరు పది రైలుకు గుల్బర్గా వెళ్ళాలి, ఐదింటికి ఇంటి ముందు కారు. ఆ ఇంట్లో పెద్దామె పెళ్లికూతురి నానమ్మ. అందరూ దాదీమా అనేవారు, నేనూ అంతే. అసలు విశేషం పెళ్లికూతురి తల్లిది. ఆమె పుట్టి నలభై ఏళ్ళు దాటినా ఒక్క ఫోటో దిగలేదు. ఆ ఒక్కరోజు, కూతురు గడ్డం పట్టుకుని బతిమాలితే ఒప్పుకుంది. లోపలి గదిలో తలుపు వేసి, తల్లినీ బిడ్డనూ ముప్పై రెండు తీశాను. మొదట కట్టెలా కూర్చున్న మనిషి, కూతురు చెవిలో ఏదో అనగానే పకపకా నవ్వడం మొదలుపెట్టి ఇక ఆపలేకపోయింది.

బయల్దేరేటప్పుడు దాదీమా వాడిన రీళ్ళను గుడ్డసంచిలో వేసి ముడివేసి నా చేతికిస్తూ, "ఎన్ని బేటీ?" అని అడిగింది. "ఏడు" అన్నాను. తల్లీబిడ్డల ముప్పై రెండూ ఉన్న ఎనిమిదోది కెమెరాలో ఉంది. అందులో నాలుగు మిగిలాయని, అవి దారికి కావాలని, నోరు మెదపలేదు.

మూడు నలభైకి బస్సెక్కాను. అప్పట్లో దబీర్‌పురా నుంచి మా ఇంటికి రావాలంటే అఫ్జల్‌గంజ్‌లో మారాలి. దారిలో నా నాలుగూ తీశాను: చెరకుగడ పట్టుకుని నిద్రపోతున్న ఒక చెయ్యి, పళ్ళ మధ్య టికెట్ల కట్ట కరుచుకున్న కండక్టర్, అద్దంలో డ్రైవర్ కనుబొమలు, కిటికీ ఊచకు కట్టిన, గాలికి ఊగుతున్న పాలక్యాన్. రీలు వెనక్కి చుట్టి తీసి, కొత్తది ఎక్కించాను. వాడిన రీలును డబ్బాలో పెట్టి ఒళ్ళో వేసుకున్నాను. చుట్టేటప్పుడు ఫిల్మ్ తోక రెండంగుళాలు బయటికి వదిలి, కొస మడిచిపెట్టడం నా పద్ధతి; చీకటి గదిలో కడగడానికి సులువు. ఆ సులువే నా కొంప ముంచింది.

అఫ్జల్‌గంజ్‌లో జనం తోసుకుంటుంటే లేచి దిగాను. బస్సు కదిలింది. నిలబడిన చోటే, ఎప్పటిలాగే, సామాను లెక్కపెట్టుకున్నాను. కెమెరా ఒకటి, ఫ్లాష్ ఒకటి, ముడివేసిన సంచి ఒకటి. ఎనిమిదో రీలు లేదు.

ఎదురుగా వచ్చిన ఆటోకు అడ్డం పడ్డాను. "అన్నా, గా బస్సును పట్టాలె!"

"ఏంది అమ్మా, బంగారం మరిచినవా?"

"బంగారమైతే గింత ఫికర్ ఎందుకు? ఫోటోల రీలు."

"రీలుకా గింత లొల్లి? మళ్ళ తీస్కోరాదు?"

"మళ్ళ తియ్యరానియి. పెండ్లింట్ల ఆడోళ్ళయి."

అతను అద్దంలోంచి నన్ను ఒకసారి చూశాడు. నవ్వు ఆగిపోయింది. "మా చెల్లె పెండ్లిల గూడ ఆడామెనే పిలిచినం తియ్యనీకె" అన్నాడు. ఆ తర్వాత హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఎర్రబస్సు వెనకభాగం మూడుసార్లు కనబడి మూడుసార్లు మాయమైంది. నా తలలో ఒకటే తిరుగుతోంది: ఆ డబ్బా ఎవరి చేతిలో పడింది? ఏ స్టూడియోకు పోతుంది? ఆమె నవ్వు ఏ పాన్‌డబ్బా గోడకు తేలుతుంది? ఇక ఆ గల్లీలో మా నాయన పేరు ఎవరైనా మంచిగా ఎత్తుతారా?

చివరి స్టాపులో దొరికింది బస్సు. డ్రైవరూ కండక్టరూ ఎండలో నిలబడి ఉన్నారు. ఇద్దరి మధ్య ఐదడుగుల ఫిల్మ్, ఆరేసిన రిబ్బన్‌లా. డ్రైవర్ దాన్ని సూర్యుడికేసి ఎత్తి ఒక కన్ను మూసి చూస్తున్నాడు.

"నీదేనా అమ్మా?" కండక్టర్ ఎంతో సంబరంగా అన్నాడు. "సీటు కింద దొరికింది. ఫోటోలు చూస్తే ఎవలదో తెలుస్తదని మొత్తం గుంజి చూసినం. ఒక్క బొమ్మ లేదు! నీకు అమ్మినోడు మోసం చేసిండు."

ముందు నాకు ప్రాణం లేచివచ్చింది. ఎవరూ చూడలేదు. కడగని ఫిల్మ్‌కు ఎండ తగిలింది, ఇక ఎవరూ చూడలేరు. ఆ వెంటనే, ఎవరూ చూడలేరన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉందని తెలిసి, బస్సు మెట్టు మీద కూర్చుండిపోయాను. పాపం, కండక్టర్ మంచినీళ్ళు తెచ్చాడు. అతన్ని ఏమనాలి? టైము నాలుగు ఇరవై రెండు. కారు ఐదింటికి.

అదే ఆటోలో వెనక్కి తిరిగాం. కెమెరా పాడైందని చెప్పవచ్చు. కడిగేటప్పుడు చెడిపోయిందని వారం తర్వాత చెప్పవచ్చు, నమ్ముతారు. మూసీ దాటేదాకా ఆ అబద్ధాలను ఒక్కొక్కటే సరిచూసుకున్నాను. ఆ ఇంటి గల్లీ మొదట్లోకి వచ్చేసరికి ఒక్కటీ నిలబడలేదు.

నాలుగు యాభైకి దాదీమా ఒళ్ళో ఆ ఫిల్మ్ పెట్టి, జరిగింది చెప్పాను. ఆమె దాన్ని చీర అంచు తడిమినట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమింది.

"ఎవలు చూసిండ్రు?"

"ఎవలు చూడలే దాదీమా. వెలుగు తగిలితే అన్ని పోతయి."

"కసమ్?"

"మా అమ్మ తోడు."

దాదీమా ఆ ఫిల్మ్‌ను చుట్ట చుట్టి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అంది: "ఏడు అంటివి. ఎనిమిదోది ఉందని నాకు చెప్పలే. గిన్తీ తప్పినవ్ బేటీ." నా జీవితంలో అంతకంటే పెద్ద తిట్టు తినలేదు. లెక్క తప్పావని ఎవరైనా నన్ను అన్నది అదొక్కసారే.

తల్లి గడప మీద నిలబడి అంతా విన్నది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. "రెండు నిమిషాలమ్మా, మళ్ళ తీస్త" అని చేతులు పట్టుకున్నాను.

"వద్దు. ఇప్పుడు తీస్తే ఏడుపు మొకమే వస్తది. బిడ్డ రోజూ గా మొకమే చూడాల్నా?" అంది. కళ్ళు తుడుచుకుని, "ఇందాక నేను నవ్విన్నా?" అని అడిగింది.

"నవ్వినవు."

"మస్తు నవ్విన్నా? పండ్లు కనవడ్డయా?"

"అన్ని కనవడ్డయి."

"హాయ్ అల్లా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వాచిన కళ్ళతోనే మళ్ళీ నవ్వింది. అదే నవ్వు. నా మెడలో కెమెరా ఉంది. అందులో కొత్త రీలు ఉంది, ముప్పై ఆరూ ఖాళీగా. వద్దని అన్నది కాబట్టి చెయ్యి ఎత్తలేదు. బయట కారు హారన్ కొట్టింది.

ఆ తల్లి తర్వాత ఎన్నడూ ఫోటో దిగలేదు. దిగకుండానే పోయింది. ఆమె పోయిన ఏడాది కూతురు గుల్బర్గా నుంచి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "ఆ ఫోటోలు నువ్వు ఒక్కదానివే చూసినవ్ ఖాలా. చెప్పు" అని నా ముందు కూర్చుంది. తల్లి కొంగు ఎటు జారింది, చెయ్యి ఎక్కడుంది, ఏ ఫోటోలో నవ్వు మొదలైంది, ముప్పై రెండూ వరసగా చెప్పాను. ఆమె వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకుంది. అప్పటి నుంచి వచ్చినప్పుడల్లా అడుగుతుంది. రెండోసారి ఇరవై ఆరు చెప్పగలిగాను. తర్వాత పంతొమ్మిది. పోయిన రంజాన్‌కు వచ్చినప్పుడు పదకొండు. చిత్రమేమిటంటే, బస్సులో తీసిన ఆ పనికిరాని నాలుగూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పాలక్యాన్ ఏ ఊచకు కట్టి ఉందో కూడా చెప్పగలను.

మిగతావి కల్పించి చెప్పవచ్చు, ఆమెకు తెలియదు. కానీ ఆ ఇంటికి ఒకసారి లెక్క తప్పాను, అది చాలు. ఆ పదకొండు ఏవో ఇక్కడ రాయను, షరతు షరతే. కాలం మీద నాకేమీ కోపం లేదు. అది కూడా ఆ కండక్టర్ లాంటిదే. చెడ్డ ఉద్దేశంతో కాదు, లోపల ఏముందో చూద్దామనే రోజూ కొంచెం కొంచెం వెలుగులోకి గుంజుతోంది.