ఎనిమిది పలకల గడియారం, ఆదోని పాలిష్

ఆదోని బస్టాండు ఎదుట ఎనిమిదేళ్ళు గడియారాలు బాగుచేసిన హనుమప్ప, దోహాలో ఆరేళ్ళుగా స్టీరింగు తిప్పుతున్నాడు. బ్యాటరీ గడియారాలు వచ్చి పని లేకుండా చేశాక దొరికింది హౌస్ డ్రైవర్ వీసాయే మరి. అల్ ఘర్రాఫాలో ఖాసీం అనే పెద్దాయన ఇంట్లో డ్యూటీ. బండి బాగానే నడిపేవాడు గానీ, సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, కళ్ళు పక్క కార్లలోని మణికట్ల మీదికి పోయేవి. ఆ జబ్బుకు ఖతార్‌లో మందు లేదు.

1996లో ఒకరోజు, ఖాసీంను గడియారాల షోరూముకు తీసుకెళ్ళినప్పుడు, అక్కడి సేల్స్‌మన్ రఫీక్ హనుమప్పను పక్కకు లాగాడు. రఫీక్‌ది నిజామాబాద్.

"అన్నా, మోంతెలార్ కంపెనీ నుంచి పెద్ద ఉస్తాదు వచ్చిండు. హోటల్ల పాత గడియారాల ఎగ్జిబిషన్ పెట్టిన్రు. మా షోరూమ్‌ల రిపేరు బెంచి మీద కూసునేటోని కోసం సూస్తుండు. నువ్ జేసిన పని ఒక్కటి పట్కరా. బేస్తారం ఆఖరి రోజు."

మోంతెలార్! నూటయాభై ఏళ్ళుగా స్విస్ కొండల్లో గడియారాలు చేస్తున్న సంస్థ. ఆదోనిలో దాని పేరు వినడమే తప్ప కళ్ళతో చూసినవాడు లేడు. హనుమప్పకు ఆ పూట అన్నం సహించలేదు. చూపించడానికి చేతిలో పని ఏదీ? అప్పుడు గుర్తొచ్చింది, ఖాసీం అల్మారాలో ఆయన తండ్రి గడియారం ఉందని. అదీ మోంతెలారే. జంకుతూనే అడిగాడు.

"పన్నెండేళ్ళుగా అది మాఫీ శుగుల్," అన్నాడు ఖాసీం, పని చేయదని చెయ్యి ఊపుతూ. కాసేపు ఆలోచించి గడియారం తెచ్చి అతని అరచేతిలో పెట్టాడు. "దీన్ని నడిపించు హనుమా. ఉస్తాదు నిన్ను తీసుకుంటే, నా దగ్గర పని వదిలి వెళ్ళడానికి రిలీజ్ కాగితం నీకే."

మూడు మధ్యాహ్నాలు, పెద్దాయన కునుకు తీసే వేళల్లో, హనుమప్ప తన గదిలో దాన్ని విప్పాడు. బంగారు కేసుకు ఎనిమిది పలకలు. నీలిరంగు ముళ్ళు జొన్నాకుల్లా సన్నగా సాగి, కొనదేరి ఉన్నాయి. లోపల మెయిన్ స్ప్రింగ్ చివర తెగింది. కొత్తది ఎక్కడ తెస్తాడు? ఆదోనిలో గురువు నేర్పిన పద్ధతే దిక్కు. తెగిన కొసను దీపం మంట మీద మెత్తబరిచి, కొక్కెంగా వంచి, మళ్ళీ తగిలించాడు. కీ ఇచ్చాడు. టిక్ టిక్! హనుమప్ప ఎగిరి గంతేశాడు. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి, సిగ్గు లేకుండా మంచం చుట్టూ గంతులేశాడు.

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! కానీ పలకల్లో నాలుగు తళతళలాడుతున్నాయి, వాటి మధ్య నాలుగు మబ్బుగా ఉన్నాయి. వాడి వాడి మసకబారాయనుకున్నాడు. మురికి గడియారం తిరిగిచ్చేవాడు ఆదోనిలో రిపేరీవాడే కాదు, మెరుపు లేకపోతే జనం ముఖాన కొడతారు. ఆదోని నుంచి తెచ్చుకున్న పనిముట్ల పెట్టె అడుగు నుంచి ఎర్రటి పాలిష్ ముద్ద తీసి, తోలు ముక్కతో రెండు గంటలు రుద్దాడు. ఎనిమిది పలకలూ అద్దాలైపోయాయి. నవ్వుతూ తన ముఖం అందులో చూసుకున్నాడు, పిచ్చి మారాజు.

గురువారం ఖాసీంను వెంటబెట్టుకుని హోటల్‌కు వెళ్ళాడు. గాజు పెట్టెల్లో మోంతెలార్ వంశమంతా వరుసగా ఉంది. ముత్తాతల జేబు గడియారాలు, సైనికులకు చేసినవి, రాణులకు చేసినవి. హనుమప్ప ఒక్కో పెట్టె దగ్గర ఊపిరి బిగపట్టి చూశాడు. అయిదో పెట్టెలో అచ్చం అదే ఎనిమిది పలకలది కనిపించింది. అందులోనూ నాలుగు మెరుస్తున్నాయి, నాలుగు మసగ్గా ఉన్నాయి. కింద రాసినది అక్కడే ఉన్న రఫీక్ చదివి చెప్పాడు.

"ఒకటి అద్దం లెక్క, ఒకటి పట్టు లెక్క. గిదే ఈ కంపెనీ గుర్తంట అన్నా. పట్టు గీతలు చేత్తోని గీస్తరంట."

హనుమప్ప చేతిలోని గడియారాన్ని గుప్పిట్లో దాచుకున్నాడు. కంపెనీ సంతకాన్నే తను తోలుముక్కతో తుడిచేశాడు! వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనుకునేలోపే, నెరిసిన జుట్టు ఉస్తాదు చెయ్యి చాచాడు. గడియారం తీసుకుని ఒక్క చూపు చూసి ముఖం చిట్లించాడు. రఫీక్ తెలుగులో చెప్పాడు, "పాలిష్ ఎవరు జేసిన్రు అని అడుగుతుండు."

"నేనే సార్," అన్నాడు హనుమప్ప.

ఉస్తాదు తన బల్ల దగ్గర కూర్చుని, వెనక మూత తెరిచి, లోపలి భాగాలు విప్పి, స్ప్రింగ్ కొసను భూతద్దంలో చాలాసేపు చూశాడు. మళ్ళీ ఏదో అడిగాడు.

"ఈ కొక్కెం ఎవరు జేసిన్రంట."

"అదీ నేనే."

ఉస్తాదు అంతా మళ్ళీ బిగించి, లేచి తన కుర్చీ చూపించాడు. ఒక సన్నటి గరుకు పుల్ల చేతికిచ్చి, చెడగొట్టిన పలకను ఒకే దిక్కుకు ఎలా గీయాలో ఒక్కసారి చేసి చూపించాడు. ఆరేళ్ళ తర్వాత హనుమప్ప మళ్ళీ రిపేరు బల్ల ముందు కూర్చుని, కంటికి భూతద్దం పెట్టుకున్నాడు. ఒక పలక, రెండు, మూడు... పట్టు నునుపు తిరిగొచ్చింది! చుట్టూ జనం మూగారు. నాలుగోదానికీ గీత వచ్చింది గానీ, దాని మూల మాత్రం పాలిష్‌కు అరిగి గుండ్రబడింది. అది ఇక రాదని ఉస్తాదు తల ఊపాడు.

ఆ కంపెనీ ప్రతి గడియారం పుట్టుక, రిపేరు ఒక పుస్తకంలో రాసుకుంటుంది. గల్ఫ్‌కు అమ్మినవాటి పుస్తకం తెచ్చి నంబరు వెతికారు. 1951, ఖాసీం తండ్రి పేరు! ఖాసీం ఆ గీత మీద వేలు పెట్టి, చిన్నపిల్లాడిలా "మా నాన్న, మా నాన్న" అని అందరికీ చూపించాడు. దాని కింద ఉస్తాదు, రఫీక్‌ను పేరూ ఊరూ అడిగి, 1996, దోహా, స్ప్రింగ్ బాగుచేసినది ఆదోని హనుమప్ప అని రాసి కలం మూశాడు. రఫీక్ అది చదివి చెప్పాడు.

"సార్, పాలిష్ సంగతి రాయలేదే," అన్నాడు హనుమప్ప.

"నోరు మూస్కో అన్నా! వచ్చిన పని పోతది," అని రఫీక్ మోచేత్తో పొడిచాడు.

"లేదప్పా, రాయమను. రేపు ఎవురన్నా సూస్తే ఆ మూల ఎవురు అరగదీసినారో తెలియాల గదా? మంచిది నా పేరున రాసి, చెడ్డది దాస్తే ఎట్ల?"

రఫీక్ భయపడుతూనే చెప్పాడు. ఉస్తాదు అతన్ని తేరిపార చూసి, కలం తెరిచి, ఆ ముక్క కూడా రాశాడు. ఆ తర్వాత ఖాసీం వైపు తిరిగి, ఈ మనిషిని నాకిస్తారా అని అడిగాడు.

"ఇచ్చాను," అన్నాడు ఖాసీం, గడియారాన్ని చెవికి ఆనించుకుని.

హనుమప్పకు కళ్ళు చెమర్చాయి. ఆ సంతోషంలో ఏం చేస్తున్నాడో తెలియక, జేబులోంచి కారు తాళాలు తీసి అక్కడికక్కడే ఖాసీం చేతిలో పెట్టేశాడు.

"మజ్నూన్! పిచ్చోడా!" అని పెద్దగా నవ్వాడు ఖాసీం. "మరి నన్ను ఇంటికి ఎవడు తీసుకెళ్తాడురా?"