ఫ్లాపీలో మిగిలిన పాప ఫోటో

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వి లేచిపోయే మనిషిని నేను. హోసూరులో కంప్యూటర్లు బాగుచేసే అంగడి నాది. పాత ఫ్లాపీలు చదివే డ్రైవ్ ఇంకా ఉంచుకున్నాను కాబట్టి అప్పుడప్పుడు ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు.

పోయిన ఎండాకాలం కావేరిపట్టణం నుంచి సరోజమ్మ అనే ఆమె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఆమె భర్త ఒకప్పుడు డీటీపీ సెంటర్ నడిపేవాడట. చిన్నపాప జ్వరంతో పోయాక తాగుడుకు పడి రోజూ ఆమెను కొట్టేవాడట. ఒకసారి పాప ఫోటోలన్నీ పొయ్యిలో వేశాడట. అతను చనిపోయి చాలా ఏళ్లయింది. పుట్టినరోజు కార్డు కోసం స్కాన్ చేసిన ఒక్క ఫోటో తను తెచ్చిన ఫ్లాపీలో ఉండాలని చెప్పింది.

బూజు తుడిచి డ్రైవ్‌లో పెట్టాను. ఆమె బల్లకు అవతల కూర్చుంది. పాడైన చోటు వస్తే డ్రైవ్ మళ్లీ మళ్లీ చదవబోతూ ఠక్కుమంటుంది. అది మామూలే.

మొదటిసారి ఠక్కుమన్నప్పుడు సరోజమ్మ తల విసురుగా పక్కకు తిరిగింది. మెడ పట్టేసిందేమో అనుకున్నాను. రెండోసారికి పెదవి చిట్లి రక్తం కారింది. మూడోసారి కుర్చీతో సహా వెనక్కి పడింది. పట్టపగలు. అంగట్లో మేమిద్దరమే.

పరుగెత్తి లేపాను. స్విచ్ తీయబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఆపొద్దప్పా. ఈ దెబ్బలు నాకు కొత్త గాదు. నా బిడ్డ మొగం రానీ.”

డ్రైవ్‌కూ ఆమెకూ మధ్య అడ్డంగా నిలబడ్డాను. మళ్లీ ఠక్కుమంది. నాకు గాలి కూడా తగల్లేదు. నా వెనక ఆమె చెంప ఛెళ్లుమంది.

తెర మీద ఫోటో పైనుంచి కొంచెం కొంచెంగా దిగింది. రిబ్బన్లు, నుదురు, నవ్వు. నడుము దగ్గర ఆగిపోయింది. ఇక నావల్ల కాక డ్రైవ్‌కు కరెంటు తీసేసి, తెర మీదికి వచ్చినంతవరకు ప్రింటు తీశాను.

సరోజమ్మ చీర కొంగుతో రక్తం తుడుచుకుని, తర్వాతే ప్రింటు అందుకుంది. మిగతా సగం ఎప్పటికైనా వస్తుందేమోనని ఫ్లాపీ నా దగ్గరే వదిలి వెళ్లింది. ఆమె చెంప మీద నాలుగు వేళ్లు తేలి ఉన్నాయి.

కుర్చీకీ బల్లకీ కరెంటు పాకుతోందేమో టెస్టర్ పెట్టి చూశాను. లేదు. తర్వాత అదే డ్రైవ్‌లో వేరేవాళ్ల ఫ్లాపీలు చదివాను. ఎవరికీ ఏమీ కాలేదు.

కొన్నాళ్లకు, ఆమె దూరంగా ఉంది కదా అని, మిగతా సగం చదవబోయాను. ఒక్కసారి ఠక్కుమనగానే భయమేసి ఆపేశాను. కాసేపటికి ఫోన్ మోగింది. సరోజమ్మ మాట ముద్దముద్దగా వచ్చింది.

“చదువుతా ఉండావా అప్పా? ఆ ఫోటో తీసిన పొద్దు బిడ్డ కాళ్లకు గజ్జెలు ఏసినాను. అవీ కనపడితే చాలు. నేను ఓర్చుకుంటాను.”

ఆమెకెలా తెలిసిందో, ఇదంతా ఏమిటో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. ఆ ఫ్లాపీని మళ్లీ డ్రైవ్‌లో పెట్టలేదు.