రెండు క్యాసెట్ల సినిమా

మా బాబాయి లిఫ్టులు బాగుచేసేవాడు. రిటైరై చాలా కాలమైంది. "రోజంతా పైకీ కిందికీ తిరిగొచ్చినవాడికి కదలని సినిమా కావాలమ్మా," అంటాడు. నిజంగానే కదలని సినిమాలు చూస్తాడు. ఒక మనిషి కిటికీలోంచి చూస్తూ ఉంటాడు, వాన పడుతుంది, వెలుస్తుంది, సినిమా అయిపోతుంది. ఎక్కడో అవార్డు కొట్టి, ఆ తర్వాత ఎవరూ చూడక మూలపడ్డవన్నమాట. వీడియో షాపులు మూసేస్తున్న రోజుల్లో అలాంటి క్యాసెట్లను తూకానికి కొని ఇంటికి మోసుకొచ్చాడు. చుట్టాలంతా చాటుగా ఆయన్ని స్లోమోషన్ అని పిలుస్తారు. నాకూ నవ్వొచ్చేది గానీ, చిన్నప్పటి నుంచీ వెళ్ళి ఆయన పక్కన కూర్చునేదాన్ని. ఏమీ జరగని చోట ఈయనకి అంతగా ఏం కనిపిస్తోందో తెలుసుకోవాలని.

వాటన్నిటికంటే ఆయనకి ప్రాణం ఇంకొకటి. దాని పేరు మాకు తెలియదు, భాషా తెలియదు. ఒక ఆదివారం మధ్యాహ్నం టీవీలో వస్తుంటే, బాబాయి డ్యూటీలో ఉన్నాడని పిన్ని రికార్డు చేసి పెట్టింది. ఆవిడ బటన్ నొక్కేలోపే మొదట్లో పేర్లు వెళ్ళిపోయాయి. చివర్లో పేర్లు పడకముందే టేపు అయిపోయింది. మొత్తం రెండు క్యాసెట్లు. వాటి మీద ఒకటి, రెండు అని పిన్ని చేతిరాత.

మొదటి క్యాసెట్టులో భార్యాభర్తలు ఒక గదిలో ఉంటారు. అతను పెదవి విప్పడు. చివరికి ఆవిడ పెట్టె పట్టుకుని వెళ్ళిపోతుంది. రెండోదాంట్లో అతను రైల్వే స్టేషన్ ఎంక్వయిరీ కౌంటరు ముందు నిలబడి, లోపలున్న ఆవిడనే, ముక్కూ మొహం తెలియనివాడిలా ఏదో అడుగుతాడు. ఆవిడా అలాగే జవాబిస్తుంది. ఇద్దరూ కలిసి నడుస్తారు, నవ్వుకుంటారు, అదే గదికి చేరతారు. "విడిపోయినవాళ్ళు మళ్ళీ కొత్తగా పరిచయం చేసుకున్నారు చూడు. ఎవడికొస్తుంది ఆ ఆలోచన?" అని బాబాయి చూసిన ప్రతిసారీ పొంగిపోతాడు.

ఆయనకి వచ్చింది మరి. నా చిన్నప్పుడు పిన్ని అలిగి మా ఇంటికి వచ్చేసి, కొన్ని నెలలు ఉండిపోయింది. ఏం జరిగిందే అని అమ్మ అడిగితే, "గోడతో కాపురం చెయ్యలేనక్కా," అంది. అక్కడ బాబాయి ఒంటరిగా, అంతవరకూ చూడటానికి తీరికలేని ఆ రెండు క్యాసెట్లూ పెట్టుకుని చూశాడు. మర్నాడే పిన్ని పనిచేసే కళ్ళద్దాల షాపుకి వెళ్ళి, కౌంటరు దగ్గర వరుసలో నిలబడి, "నమస్కారమండీ, కళ్ళు చూపించుకోవాలి," అన్నాడట. పిన్ని ఎగాదిగా చూసి, "మీ పేరు?" అంది. బాబాయి పేరు చెప్పి, వయసు చెప్పి, అడగని సంగతులన్నీ చెప్పుకుంటూ పోయాడట. వెనకవాళ్ళు గొడవ చేస్తే గానీ ఆపలేదట. ఆ వారంలోనే పిన్ని తన ఇంటికి వెళ్ళిపోయింది.

మొన్న టేపులకి బూజు పడుతోందని, రెండూ కంప్యూటర్లోకి ఎక్కించి ఒకే సినిమాగా కలపమన్నాడు. ఆ వీసీఆర్ తెర పైభాగమంతా ఎప్పుడూ గీతలు పరిచేది, ఆ నటుడి నుదురు మేమెవరం సరిగ్గా చూసి ఎరగం. టేపు చదివే హెడ్ తుడిచి పెడితే బొమ్మ తేటపడింది. మొదటి క్యాసెట్టు అంతా అతని నుదుటి మీద పెద్ద మచ్చ ఉంది. రెండోది మొదలుపెడితే లేదు. ఆ రెండోదాని చివర్లోనే అతను సైకిల్ మీంచి పడి నుదురు పగలగొట్టుకుంటాడు, ఆవిడ కట్టు కడుతుంది. మచ్చ ముందొచ్చి దెబ్బ తర్వాత తగిలే మనిషి ఎక్కడా ఉండడు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. సందేహం లేదు, నంబర్లు తారుమారయ్యాయి. అసలు కథలో వాళ్ళు కలుసుకుంటారు, కాపురం చేస్తారు, ఆవిడ వెళ్ళిపోతుంది. తిరిగి రాదు.

ఆ ముగింపుని నమ్ముకుని కాపురం నిలబెట్టుకున్నవాడికి, అది ముగింపే కాదని ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆయన చెప్పిన వరసలోనే కలిపేసి చేతులు దులుపుకుందామనుకున్నాను. కానీ బాబాయి ఎప్పుడొచ్చాడో నా వెనకే నిలబడి ఉన్నాడు.

"ఆ మచ్చ ఎక్కడిది?" అన్నాడు.

చెప్పక తప్పలేదు. అంతా విని, పక్కగదిలో బట్టలు ఇస్త్రీ చేస్తున్న పిన్నిని పిలిచాడు. "నంబర్లు తప్పు వేశావా?"

"వేశాను," అంది పిన్ని గుమ్మంలోకి వచ్చి. "పెట్టె సర్దుకుంటూ కోపంలో రాశాను. తిరిగొచ్చి మీతో కూర్చుని చూసినప్పుడు గానీ నాకూ తెలియలేదు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఏం చెప్పను? ఆ ఆదివారం నేను వరసగానే చూశానండీ. ఆవిడ వెళ్ళగా లేంది నేనెందుకు వెళ్ళకూడదనిపించింది. ఆ సినిమా చూశాకే పెట్టె తీశాను. మీరూ అలాగే చూసుంటే షాపుకి వచ్చేవారా?"

బాబాయి వంగి, తెర మీద ఆగిపోయిన బొమ్మలో ఆ మచ్చనే చూశాడు. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది. ఆయన ఇంకో కుర్చీ లాగి తన పక్కన వేసి, పిన్నిని కూర్చోమన్నాడు.

"అసలు వరసలో పెట్టమ్మా," అన్నాడు నాతో. తర్వాత పిన్ని వైపు తిరిగాడు. "నువ్వెందుకు వెళ్ళావో నేనింతవరకూ చూడనేలేదు."